పాత అనలాగ్ సింథ్‌లు, వాటి ప్లగిన్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లోనే చిన్న గదిలో స్టూడియో పెట్టుకుని భక్తిగీతాలకూ షార్ట్‌ఫిల్మ్‌లకూ ట్రాకులు చేస్తుంటాను. సింథ్ అంటే విద్యుత్తుతో శబ్దం పుట్టించే కీబోర్డు వాయిద్యం, అనలాగ్ అంటే ఆ శబ్దం అంకెల లెక్కతో కాక సర్క్యూట్లలోనే పుట్టడం, ప్లగిన్ అంటే పాటల సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. "అన్నా, మినీమోగ్ ప్లగిన్ ఏది మంచిది?", "అన్నా, ల్యాప్‌టాప్ పటపటమంటోంది, ఏం చేయాలి?" అంటూ కుర్రాళ్లు ఫోన్లు చేస్తుంటారు. చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## మొదటి అనుమానాలు

ఎమ్యులేషన్ అంటే పాత సింథ్ శబ్దాన్ని రికార్డు చేసి పెట్టడమేనా?

కాదు. రికార్డు చేసి పెడితే దాన్ని శాంపిల్ లైబ్రరీ అంటారు. అందులో ఆ రోజు ఆ నాబ్ ఎక్కడుంటే ఆ శబ్దమే ఉంటుంది. ఎమ్యులేషన్‌లో శబ్దమే ఉండదు, లెక్కలుంటాయి. పాత యంత్రంలోని ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించేది), ఫిల్టర్ (అందులో కొంత కోసేది), ఎన్వలప్ (శబ్దం ఎలా లేచి ఎలా తగ్గాలో చెప్పేది) సర్క్యూట్లు ఎలా ప్రవర్తిస్తాయో సమీకరణాలుగా రాసుకుని, మీరు కీ నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ సెకనుకి 44,100 సార్లో 48,000 సార్లో ఆ లెక్క కడుతుంది. కాబట్టి నాబ్ తిప్పితే అసలు యంత్రంలో లాగే శబ్దం మారుతుంది. కొన్ని ప్లగిన్‌లు సర్క్యూట్‌లోని ట్రాన్సిస్టర్ దాకా వెళ్లి లెక్క కడతాయి, కొన్ని పైపైన పోలిక పట్టుకుని వదిలేస్తాయి. బొమ్మ మాత్రం రెండింటిలోనూ అచ్చం పాత యంత్రంలాగే ఉంటుంది. బొమ్మ చూసి మోసపోకండి.

మూగ్ అనాలా, మోగ్ అనాలా?

మోగ్. మినీమోగ్ సింథ్ వెనకున్న బాబ్ మోగ్ తన ఇంటిపేరును అలాగే పలికేవారు. మనకైతే గుర్తుపెట్టుకోవడం మరీ తేలిక: మూగ్ అంటే మాట పడిపోయినట్టుంటుంది, మోగ్ అంటే మోగేది.

యాభై ఏళ్ల కిందటి యంత్రం శబ్దం కోసం ఇప్పుడెందుకింత తాపత్రయం?

ఆ యంత్రాలు సరిగ్గా పనిచేయవు కాబట్టి. వెటకారం కాదు, నిజమే. 1970లో వచ్చిన మినీమోగ్‌లో మూడు ఆసిలేటర్లుంటాయి. స్విచ్ వేశాక వేడెక్కి శ్రుతి నిలబడటానికి టైమ్ పడుతుంది. నిలబడ్డాక కూడా మూడూ ఒకదానితో ఒకటి వెంట్రుకవాసి తేడాతో నడుస్తుంటాయి. ఆ తేడా వల్లే ఒక్క స్వరం పట్టుకుని కూర్చున్నా శబ్దం లోపల కదులుతున్నట్టుంటుంది. మిక్సర్ నాబ్‌లు పెంచితే ఫిల్టర్ మీద భారం పడి శబ్దం కాస్త పగులుతుంది, ఆ పగులు చెవికి ఇంపుగా ఉంటుంది.

1978లో డేవ్ స్మిత్ తెచ్చిన ప్రాఫెట్-5లో ఐదు వాయిస్‌లకు (ఒకేసారి పలికే స్వరాలకు) ఐదు విడి సర్క్యూట్లు. ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. అందుకే దాని మీద కార్డ్ పట్టుకుంటే ఐదుగురు కలిసి పాడినట్టుంటుంది, ఒకే గొంతును ఐదుసార్లు కాపీ కొట్టినట్టుండదు. కంప్యూటర్‌కు తప్పు చేయడం రాదు. దానికి తప్పు చేయడం నేర్పించడమే ఈ ప్లగిన్‌లు రాసేవాళ్ల పని.

జూనోలో డీసీఓ ఉందట కదా, అంటే అది డిజిటలేనా? మరి డీఎక్స్7?

రోలాండ్ కంపెనీ సింథ్ జూనో అనలాగే. డీసీఓ అంటే ఆసిలేటర్ శ్రుతిని డిజిటల్ గడియారం అదుపు చేస్తుందని మాత్రమే. తరంగం పుట్టేది, ఫిల్టర్ గుండా వెళ్లేది అంతా అనలాగ్ దారిలోనే. 1982 నాటి జూనో-60, 1984 నాటి జూనో-106 శ్రుతి తప్పకపోవడానికి కారణం అదే.

1983లో వచ్చిన యమహా డీఎక్స్7 మాత్రం పూర్తిగా డిజిటల్, ఎఫ్‌ఎం పద్ధతి, అంటే ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని ఊపి శబ్దం పుట్టించడం. ఎనభైల పాటల్లో గాజులు మోగినట్టుండే ఎలక్ట్రిక్ పియానో, గంటల శబ్దం విని "ఆహా, అనలాగ్" అనుకునేవాళ్లు చాలామంది. అది ఎఫ్‌ఎం శబ్దం. అది కావాలంటే డెక్స్‌డ్ అనే ఉచిత ప్లగిన్ చాలు.

అసలు యంత్రానికీ ప్లగిన్‌కీ తేడా నిజంగా చెవికి తెలుస్తుందా?

పాటలో తెలియదు. మృదంగం, గిటార్, గొంతు అన్నీ ఉన్నచోట బేస్ లైన్ మినీమోగ్‌దా ప్లగిన్‌దా అని చెప్పగలనని ఎవరైనా అంటే పందెం కాయండి, మీరే గెలుస్తారు.

విడిగా వింటే కొన్నిచోట్ల దొరికిపోతుంది. రెజొనెన్స్ బాగా పెంచి కటాఫ్‌ను (ఫిల్టర్ కోత మొదలయ్యే హద్దును) కింది నుంచి పైదాకా తిప్పినప్పుడు, ఫిల్టర్‌ను ఆసిలేటర్‌తోనే వేగంగా ఊపినప్పుడు, ఎన్వలప్ ఎటాక్ (శబ్దం లేచే సమయం) సున్నాలో పెట్టి టక్‌మని కొట్టినప్పుడు. రెజొనెన్స్ అంటే ఫిల్టర్ నుంచి బయటికొచ్చిన శబ్దాన్ని మళ్లీ దాని లోపలికే పంపడం. అనలాగ్‌లో అది అదే క్షణంలో జరుగుతుంది. పాతకాలపు ప్లగిన్‌లలో ఒక శాంపిల్ (సెకనుకి 44,100 సార్లు కట్టే లెక్కలో ఒక్కటి) ఆలస్యంగా జరిగేది, అందుకే పైస్థాయిలో ఫిల్టర్ ఈల శ్రుతి తప్పేది, పల్చబడేది. ఇప్పటి మంచి ప్లగిన్‌లు ఆ ఆలస్యం లేకుండా ప్రతి శాంపిల్‌కూ సమీకరణం విప్పి లెక్క కడుతున్నాయి. దీన్నే జీరో డిలే ఫీడ్‌బ్యాక్ అంటారు.

ఈ ప్లగిన్‌ల కథ ఎప్పుడు మొదలైంది?

ముందు హార్డ్‌వేర్‌లోనే. 1995లో స్వీడన్ కంపెనీ క్లావియా నార్డ్ లీడ్ తెచ్చింది. అనలాగ్‌ను డిజిటల్ లెక్కలతో అనుకరించిన ఎర్ర కీబోర్డ్ అది. 1996లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ (పాటల సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్‌లు తగిలించే పద్ధతి) ప్రకటించింది, 1999లో వాయిద్యాలు కూడా ప్లగిన్‌లుగా వచ్చే దారి తెరిచింది. ఈ మధ్యలో ప్రొపెల్లర్‌హెడ్ వాళ్ల రీబర్త్ వచ్చి రెండు రోలాండ్ టీబీ-303 బేస్ యంత్రాలను, టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని కంప్యూటర్ తెర మీద కూర్చోబెట్టింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నుంచి ఆర్టూరియా 2003లో మోగ్ మాడ్యులర్‌ను బాబ్ మోగ్ అనుమతితోనే సాఫ్ట్‌వేర్‌గా తెచ్చింది. 2004లో కోర్గ్ తన పాత ఎంఎస్-20ని తానే అనుకరించుకుంది. 2011లో బెర్లిన్ కంపెనీ యు-హీ తెచ్చిన డివా వచ్చాక జనం "ఇది ప్లగినేనా?" అన్నారు, "నా కంప్యూటర్ మోయలేకపోతోంది" అని కూడా అన్నారు.

మన దేశంలో ఆ రోజుల్లో ఈ యంత్రాలు వాడినవాళ్లున్నారా?

ఉన్నారు, అందులో ఒకరి కథ తప్పక తెలుసుకోవాలి. హిందీ సినిమాలకు వాయించే సెషన్ ఆర్టిస్టు చరణ్‌జీత్ సింగ్ 1982లో ముంబైలో జూపిటర్-8 సింథ్, టీబీ-303, టీఆర్-808 మూడూ కలిపి హిందుస్తానీ రాగాలను డిస్కో తాళం మీద రికార్డు చేశారు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. కొన్నేళ్లకు షికాగో కుర్రాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన అదే 303తో ఆసిడ్ హౌస్ అనే సంగీతాన్ని పుట్టించారు. ఆ శబ్దం మనవాడి రికార్డులో ముందే ఉందని ప్రపంచం గుర్తించేసరికి పాతికేళ్లు దాటిపోయింది. ఆ మూడు యంత్రాలకూ ఇప్పుడు ప్లగిన్‌లున్నాయి, ల్యాప్‌టాప్ ఒక్కటుంటే ఆ సెటప్ అంతా మీ బల్ల మీదే.

## ఎంచుకునేటప్పుడు

పైసా పెట్టకుండా మొదలుపెట్టొచ్చా?

నిక్షేపంగా. యు-హీ వాళ్ల టైరెల్ ఎన్6 ఉచితం, జూనో పోలికతో ఉంటుంది. టీఏఎల్ నాయిస్‌మేకర్ ఉచితం. సర్జ్ ఎక్స్‌టీ ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. అది ఏ ఒక్క పాత యంత్రానికీ నకలు కాదు కానీ ఫిల్టర్లు బోలెడు. మాడ్యులర్ సింథ్‌లో తీగలు గుచ్చి నేర్చుకోవాలంటే వీసీవీ ర్యాక్ ఉంది. మ్యాక్‌లో లాజిక్ అనే పాటల సాఫ్ట్‌వేర్ ఉంటే అందులోని రెట్రో సింథ్‌ను ముందు వాడి చూడండి, ఎవరూ దాన్ని తెరవరు పాపం. ఉచితమైనవాటితో ఆరు నెలలు పనిచేశాక మీకేం కావాలో మీకే తెలుస్తుంది.

మొదట ఏ సింథ్ నేర్చుకోవాలి?

జూనో. ఒకే ఆసిలేటర్, ఒకే ఫిల్టర్, ఒకే ఎన్వలప్, రెండు కోరస్ (శబ్దాన్ని వెడల్పు చేసే ఎఫెక్ట్) బటన్లు. ప్యానెల్ మీద కనపడేదే మొత్తం యంత్రం, చాటుగా ఏమీ లేదు. ఏ స్లైడర్ కదిపినా చెడ్డ శబ్దం రావడం కష్టం. ఒక వారంలో సబ్‌ట్రాక్టివ్ సింథసిస్ (నిండు శబ్దాన్ని ఫిల్టర్‌తో కోసుకుంటూ పోయే పద్ధతి) అంతా చేతికొచ్చేస్తుంది. ఆ తర్వాత బేస్, లీడ్ కోసం మినీమోగ్.

గ్రీకు సంగీత దర్శకుడు వ్యాన్‌జెలిస్ పేరు విని, ఆయన వాడిన యమహా సీఎస్-80 ప్లగిన్‌తో మొదలుపెట్టేవాళ్లుంటారు. గొప్ప యంత్రమే, కానీ దాని ప్రాణం పాలీఫోనిక్ ఆఫ్టర్‌టచ్‌లో ఉంది: వాయిస్తున్న ప్రతి కీ మీదా విడివిడిగా ఒత్తిడి పెంచి శబ్దం మార్చవచ్చు. కంప్యూటర్‌కు స్వరాల సమాచారం పంపే మామూలు మిడి కీబోర్డుల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. అది లేకుండా సీఎస్-80 అంటే సాంబారు లేని ఇడ్లీయే.

ఒక్క మినీమోగ్‌కే ఇన్ని కంపెనీల ప్లగిన్‌లున్నాయి, ఏది కొనాలి?

డెమో దించుకుని మీ చెవితోనే తేల్చుకోండి. యూట్యూబ్‌లో పోలిక వీడియోలు చూసి కొనకండి, ఆ శబ్దం కంప్రెస్ అయి వస్తుంది. నేను చేసే పరీక్ష ఇదీ: ప్రీసెట్ (కంపెనీ ముందే చేసిపెట్టిన శబ్దం) ముట్టుకోను. ఇనీషియలైజ్ చేసి (అంటే సెట్టింగులన్నీ మొదటి స్థితికి తెచ్చి), ఒక్క సాటూత్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం) పెట్టి, ఫిల్టర్‌ను చేత్తో నెమ్మదిగా తెరుస్తాను. ఎక్కడా మెట్లు మెట్లుగా వినపడకూడదు. తర్వాత మూడు ఆసిలేటర్లూ గరిష్ఠంగా పెంచి, శబ్దం నిండుతోందా, చీదర పుడుతోందా చూస్తాను. చివరగా ఎన్వలప్ డికే (శబ్దం తగ్గే సమయం) బాగా తగ్గించి తబలా కొట్టినట్టు టక్‌మంటుందా లేదా. ఈ మూడూ బాగుంటే పేరు ఏదైనా ఫర్వాలేదు.

డివా సంగతి వేరు, అది ఒక్క యంత్రానికి నకలు కాదు. మినీమోగ్ తరహా ఆసిలేటర్లకు జూనో తరహా ఫిల్టర్ తగిలించుకోవచ్చు. ఒక్కటే కొనగలిగితే నా ఓటు దానికే.

కలెక్షన్ మొత్తం కొంటే లాభమా, విడిగా కొంటే లాభమా?

లెక్క ప్రకారం కలెక్షనే చవక, వాడకం ప్రకారం విడిగా కొనడమే చవక. ముప్పై సింథ్‌లున్న కలెక్షన్ కొన్నవాళ్లు మూడో నాలుగో వాడి మిగతావి హార్డ్‌డిస్క్‌లో దాచుకోవడం చూస్తూనే ఉన్నాను, ఆ జాబితాలో నేనూ ఉన్నాను. నెలవారీ చందా అయితే ప్రాజెక్టు నడిచినన్నాళ్లూ కట్టి ఆపేయొచ్చు. కానీ ఆపేశాక పాత ప్రాజెక్టు తెరిస్తే ఆ ట్రాక్ మూగబోతుంది. ఎలాగైనా సరే, పూర్తి ధరకు కొనకండి. నవంబర్ చివర్లో బ్లాక్ ఫ్రైడే సేల్ వచ్చినప్పుడు ధరలు గట్టిగానే దిగుతాయి.

విదేశీ సైట్‌లో కార్డు పెడితే పేమెంట్ ఫెయిలవుతోంది, ఎందుకు?

2020 నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు ఆఫ్‌లో వస్తాయి. బ్యాంకు యాప్‌లో కార్డ్ కంట్రోల్స్‌లోకి వెళ్లి ఇంటర్నేషనల్, ఆన్‌లైన్ రెండూ ఆన్ చేసి, లిమిట్ పెట్టుకోండి. కొన్నాక మళ్లీ ఆఫ్ చేయండి. యూరోల్లో, డాలర్లలో కొంటే కరెన్సీ మార్పు చార్జీ అదనంగా పడుతుంది, అదీ లెక్కలో వేసుకోండి.

క్రాక్ వెర్షన్ వాడితే ఏమవుతుంది అన్నా?

తప్పని మీకూ తెలుసు, అందుకే గొంతు తగ్గించి అడుగుతారు. నీతి పక్కన పెట్టి పని సంగతి చెప్తాను. కొన్నేళ్ల కిందట తెలిసిన ఒక స్టూడియోలో క్రాక్ సింథ్‌తో పాటు మాల్‌వేర్ వచ్చి ప్రాజెక్టు ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి. మర్నాడు డెలివరీ. ఆ రాత్రి పాట మొత్తం మళ్లీ వాయించాం. కొన్ని కంపెనీలు క్రాక్‌ను పసిగట్టి కొన్నాళ్ల తర్వాత శబ్దం చెడిపోయేలా కోడ్‌లో ఉచ్చులు కూడా పెడతాయి. ఇన్ని మంచి ఉచిత సింథ్‌లున్న రోజుల్లో ఆ టెన్షన్ అనవసరం.

అదే డబ్బు కూడబెట్టి అసలు పాత సింథ్ కొనకూడదా?

కొనొచ్చు, కానీ అది పాత బండి కొనడం లాంటిది. జూనో-106లో వాయిస్ చిప్‌లు పోవడం పేరుమోసిన జబ్బు, మెమరీ బ్యాటరీ కూడా మార్చాలి. ప్రాఫెట్-5లో వాడిన కర్టిస్ చిప్‌లు తెలిసిన మెకానిక్ మన ఊళ్లలో దొరకడం కష్టం. జపాన్ మార్కెట్ కోసం చేసినవి 100 వోల్టులతో నడుస్తాయి, తిన్నగా మన 230 వోల్టుల ప్లగ్‌లో పెడితే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. నాబ్‌లు చేత్తో తిప్పాలన్న ఆశే అసలు కారణమైతే నాబ్‌లు ఎక్కువున్న మిడి కంట్రోలర్ కొనుక్కోండి. నిజమైన అనలాగ్ సర్క్యూటే కావాలంటే బెరింజర్ లాంటి కంపెనీల కొత్త నకళ్లు తక్కువ ధరలో ఉన్నాయి.

## ఇన్‌స్టాల్ చేశాక

ఇన్‌స్టాల్ అయింది, కానీ పాటల సాఫ్ట్‌వేర్‌లో కనపడటం లేదు!

నూటికి తొంభై సార్లు ఫార్మాట్ గొడవే. లాజిక్, గ్యారేజ్‌బ్యాండ్‌లకు ఏయూ కావాలి, ప్రోటూల్స్‌కు ఏఏఎక్స్ కావాలి. క్యూబేస్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్‌లకు వీఎస్‌టీ3 సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీకు కావాల్సిన దానికి టిక్ పెట్టారో లేదో చూసుకోండి. తర్వాత ప్లగిన్ మేనేజర్‌లో రీస్కాన్ కొట్టండి. పాత 32-బిట్ ప్లగిన్‌లు చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఇప్పుడు తెరుచుకోవు.

కీ నొక్కిన కాసేపటికి శబ్దం వస్తోంది, ప్లగిన్ తప్పా?

కాదు, బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కొంత పోగు చేసుకుని పంపే చోటు. 512 శాంపిల్స్ బఫర్ అంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 11.6 మిల్లీసెకన్ల ఆలస్యం, డ్రైవర్, కీబోర్డ్ ఆలస్యం దానికి అదనం. 128కి తగ్గిస్తే 2.9 మిల్లీసెకన్లకు దిగుతుంది. వాయించేటప్పుడు 128, మిక్స్ చేసేటప్పుడు 512 లేదా 1024 పెట్టుకోండి. విండోస్‌లో ల్యాప్‌టాప్ సొంత సౌండ్ డ్రైవర్‌తో కుదరదు, ఆడియో ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్ వాడండి. ఇంకో దొంగ ఉన్నాడు: బ్లూటూత్ హెడ్‌ఫోన్. దాంతో ఏం చేసినా ఆలస్యం పోదు, తీగ ఉన్నది పెట్టుకోండి.

రెండు సింథ్‌లు తెరవగానే ల్యాప్‌టాప్ పటపటమంటోంది, ఫ్యాన్ విమానంలా మోగుతోంది. ఏం చేయాలి?

సర్క్యూట్ స్థాయిలో లెక్క కట్టే ప్లగిన్‌లు బరువే. ముందు రిలీజ్ (కీ వదిలాక శబ్దం తగ్గిపోయే సమయం) చూడండి. ప్యాడ్‌కు (వెనక నిండుగా సాగే శబ్దానికి) రిలీజ్ పది సెకన్లు పెట్టి కార్డులు మారుస్తుంటే పాత స్వరాలన్నీ ఇంకా లెక్కలో ఉంటాయి. వాయిస్‌లు 16 నుంచి 6కు తగ్గించండి, జూనోకు ఉన్నవే ఆరు. డివాలో డ్రాఫ్ట్ నుంచి డివైన్ దాకా నాణ్యత స్థాయిలున్నాయి. ట్యూన్ కట్టేటప్పుడు కిందిది, ఫైనల్ బౌన్స్‌లో (ఆడియో ఫైల్‌గా తీసేటప్పుడు) పైది వాడుకోండి. మల్టీకోర్ బటన్ ఉంటే నొక్కండి. ఇవన్నీ చేసినా లొంగకపోతే ట్రాక్‌ను ఫ్రీజ్ చేయడమే, అంటే తాత్కాలికంగా ఆడియోగా మార్చేయడం.

## వాయించేటప్పుడు

మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. నా కీబోర్డ్ పాడైందా?

లేదు. మినీమోగ్, ప్రాఫెట్-5, జూనో-106 కీబోర్డులకు వెలాసిటీయే (కీ నొక్కిన వేగాన్ని పసిగట్టడం) లేదు. ఎంత గట్టిగా కొట్టినా ఒకటే. ప్లగిన్‌లు కూడా చాలావరకు అదే పాటిస్తాయి. కావాలంటే సెట్టింగ్స్‌లో వెలాసిటీని వాల్యూమ్‌కో, ఫిల్టర్ కటాఫ్‌కో కలపండి. ఫిల్టర్‌కు కొద్దిగా కలిపితే బాగుంటుంది, వాల్యూమ్‌కు కలిపితే పాత రుచి పోతుంది.

మినీమోగ్ మీద వేగంగా వాయిస్తే కొన్ని స్వరాలు మింగేస్తోంది!

అది ఒక్క స్వరమే పలికే యంత్రం. పైగా రెండు కీలు కలిసి నొక్కి ఉంటే కింది స్వరానికే ప్రాధాన్యం ఇస్తుంది. స పట్టుకుని ఉండగానే ప నొక్కితే ప పలకదు. ప్లగిన్‌లో దాన్ని 'లాస్ట్' అని మార్చుకోవచ్చు. కానీ ఒక్కసారి మార్చకుండా వాయించి చూడండి: కింద స పట్టుకుని పైన గ, ప కొట్టి వదులుతుంటే... పలకవు కదా, అదే తిరగేసి పైన ప పట్టుకుని కింద స, రి కొట్టి వదలండి. వదిలినప్పుడల్లా ప తనంతట తానే తిరిగొస్తుంది. వీణలో పక్క తీగ మీటినట్టు భలే ఉంటుంది.

వీటి మీద గమకాలు పలుకుతాయా?

పియానో శబ్దం మీద కన్నా నూరు రెట్లు బాగా. మోనో మోడ్ (ఒకసారికి ఒక్క స్వరమే), పిచ్ వీల్ (శ్రుతిని పైకీ కిందికీ వంచే చక్రం), గ్లైడ్ (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) మూడూ వశమైతే చాలు. మామూలుగా పిచ్ వీల్ పరిధి అటూ ఇటూ రెండు సెమీటోన్లు ఉంటుంది. తోడిలో సాధారణ గాంధారం కీ మీద వేలు పెట్టి వీల్ పూర్తిగా కిందికి తిప్పితే శుద్ధ రిషభం, పైకి తిప్పితే శుద్ధ మధ్యమం. ఆ రాగంలో గాంధారం ఊగే మేర దాదాపు అంతే కాబట్టి ఉన్న సెట్టింగ్‌తోనే కంపితం వచ్చేస్తుంది. పొడుగు జారు కావాలంటే పరిధి 5 లేదా 7 సెమీటోన్లకు పెంచండి.

గ్లైడ్‌ను లెగాటోలో పెట్టండి, అప్పుడు కీలు కలిపి వాయించినచోటే జారుతుంది. అయినా గ్లైడ్ మీదే ఆధారపడితే ప్రతి జారూ ఒకే వేగంతో వచ్చి మెషీన్ వాసన కొడుతుంది. గాయకుడి జారు మొదట నెమ్మదిగా వెళ్లి చివర్లో అందుకుంటుంది. అది ఎడమచేత్తోనే రావాలి, సాధన చేయాల్సిందే. కీబోర్డ్‌లో వీల్ బదులు జాయ్‌స్టిక్ ఉంటే కాస్త కష్టం, స్ప్రింగ్ తోసేస్తుంటుంది.

తంబూరాతో కలిపితే సింథ్ శ్రుతి తప్పినట్టుంది, ఎలా సరిచేయాలి?

డ్రిఫ్ట్, డీట్యూన్, వింటేజ్ లాంటి పేర్లతో ఉన్న నాబ్‌ను సున్నాకు దించండి. పాత యంత్రాల అస్థిరతను ఆ నాబ్ కావాలనే తెస్తుంది. రెండు ఆసిలేటర్లలో ఒకటి 440, ఇంకోటి 441 హెర్ట్జ్‌లో ఉంటే సెకనుకి ఒక ఊపు వినపడుతుంది. ప్యాడ్‌కు అది అందం, తంబూరా పక్కన మాత్రం అపస్వరం. లీడ్‌కు ఒక్క ఆసిలేటర్‌తోనే పని కానివ్వండి. అప్పటికీ గాంధారం, నిషాదం గుచ్చుకుంటుంటే కీబోర్డ్ శ్రుతి సమాన విభజనది (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసినది) కావడమే కారణం. సర్జ్, డివా లాంటివి మైక్రోట్యూనింగ్ ఫైళ్లు తీసుకుంటాయి, స్వరస్థానాలను మీ ఇష్టప్రకారం జరుపుకోవచ్చు.

పై స్థాయి స్వరాల్లో ఏదో గీసినట్టు, రేడియో స్టేషన్ కలవనట్టు శబ్దం వస్తోంది. ఏంటది?

ఎలియాసింగ్. 44.1 కిలోహెర్ట్జ్‌లో పనిచేసే వ్యవస్థ 22.05 కిలోహెర్ట్జ్ దాకానే శబ్దాన్ని పట్టుకోగలదు. సాటూత్ తరంగంలో హార్మోనిక్‌లకు (మూల స్వరానికి రెండింతలు, మూడింతలు అలా ఉండే పై శబ్దాలకు) అంతు లేదు. లెక్క తేలిక కోసం 5 కిలోహెర్ట్జ్ సాటూత్ తీసుకుంటే 10, 15, 20 బాగానే ఉంటాయి. తర్వాతి 25 హద్దు దాటి, 19.1 దగ్గరికి మడత పడి వచ్చేస్తుంది. 30 వచ్చి 14.1లో, 35 వచ్చి 9.1లో. ఇవేవీ 5కు గుణిజాలు కావు కాబట్టి చెవిలో గీసినట్టుంటుంది. మంచి ప్లగిన్‌లు తరంగాన్ని ముందే నునుపు చేసి, లోపల రెండు నాలుగు రెట్ల వేగంతో లెక్క కట్టి దీన్ని అణచేస్తాయి. మీ ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ ఉంటే ఆన్ చేయండి.

జూనో కోరస్ నొక్కితే సుయ్‌మని హోరు వస్తోంది, బగ్గా?

అసలు జూనోలోనే ఉంది ఆ హోరు. అందులోని కోరస్ చిప్‌లు శబ్దాన్ని బిందెలతో నీళ్లందించినట్టు ఒక కెపాసిటర్ నుంచి ఇంకోదానికి అందిస్తూ ఆలస్యం చేస్తాయి, దారిలో కాస్త తొణుకుతుంది. కొన్ని ప్లగిన్‌లు దాన్ని కూడా నకలు చేస్తాయి, చాలావాటిలో ఆపుకునే వీలుంటుంది. నేను మాత్రం ఆపను.

ప్రీసెట్‌లు వాడితే తప్పా?

తప్పేం లేదు. కాకపోతే కంపెనీ ప్రీసెట్‌లు కొనేవాళ్లను మురిపించడానికి చేసినవి: డిలే, రివర్బ్ దట్టించి, ఒక్క కీ నొక్కితే గది నిండేలా ఉంటాయి. పాటలో పెడితే గొంతుకు చోటు మిగలదు. ముందు ఎఫెక్ట్స్ అన్నీ ఆపేసి వినండి. మిగిలింది నచ్చితే వాడుకోండి.

## మిక్స్‌లో, ఆ తర్వాత

ప్లే చేసిన ప్రతిసారీ బేస్ కొంచెం వేరుగా వినపడుతోంది, నా భ్రమా?

భ్రమ కాదు. పాత ఆసిలేటర్లు మీరు కీ నొక్కకపోయినా లోపల తిరుగుతూనే ఉంటాయి. నొక్కిన క్షణాన తరంగం ఎక్కడుంటే అక్కడినుంచి మొదలవుతుంది. అందుకే ఒక దెబ్బ బలంగా, ఒకటి పల్చగా పడుతుంది. కిక్‌తో కలిసి పడాల్సిన బేస్‌కు ఫేజ్ రీసెట్ (ప్రతిసారీ తరంగాన్ని ఒకేచోటి నుంచి మొదలుపెట్టించేది) ఆన్ చేయండి. లేదా నాలుగైదు సార్లు ఆడియోగా బౌన్స్ చేసి బాగా వచ్చినదాన్ని ఉంచుకోండి.

స్టూడియోలో గోడలదిరిన 808 బేస్, ఫోన్‌లో అస్సలు వినపడటం లేదు!

50 హెర్ట్జ్ శబ్దాన్ని ఫోన్ స్పీకర్ పలకలేదు, అది దాని శరీరం. బేస్ ట్రాక్‌కు కాపీ తీసి, సాచురేషన్ (శబ్దాన్ని కాస్త పగలగొట్టే ఎఫెక్ట్) వేసి, 150 హెర్ట్జ్ కింద కోసేసి, అసలు ట్రాక్ కింద సన్నగా కలపండి. పై హార్మోనిక్‌లు వినపడితే చెవి మిగతాది ఊహించుకుంటుంది. వీలైతే మిక్స్‌ను మోనోలో (కుడి ఎడమలు కలిపి ఒకే ఛానెల్‌లో) కూడా ఒకసారి వినండి, జూనో కోరస్ ఇచ్చిన వెడల్పంతా అక్కడ ముడుచుకుపోతుంది.

ప్లగిన్‌ల పేర్లు అసలు యంత్రాల పేర్లకు కాస్త అటూ ఇటూగా ఎందుకుంటాయి?

పేరు ట్రేడ్‌మార్క్ కాబట్టి. యు-నో-ఎల్‌ఎక్స్ అంటే ఏ యంత్రమో గట్టిగా పలికితే తెలిసిపోతుంది. ఈ విషయంలో కంపెనీలు పట్టుదలగానే ఉంటాయి. రీబర్త్ ఐప్యాడ్ యాప్‌ను 2017లో రోలాండ్ అభ్యంతరంతో తీసేయాల్సి వచ్చింది.

వీటితో చేసిన పాట అమ్ముకోవచ్చా? ఎవరికైనా రాయల్టీ కట్టాలా?

లైసెన్స్ ఉన్న ప్లగిన్‌తో మీరు వాయించింది మీదే, సినిమాకు ఇచ్చినా కంపెనీలు మామూలుగా వాటా అడగవు. ప్రీసెట్ యథాతథంగా వాడినా అంతే. చేయకూడనిది ఒకటుంది: ఆ ప్రీసెట్‌లను స్వరం స్వరంగా రికార్డు చేసి శాంపిల్ ప్యాక్‌గా అమ్మడం. చాలా లైసెన్సుల్లో దానికి అనుమతి ఉండదు. స్టూడెంట్ ధరకు కొన్న వెర్షన్ అయితే వ్యాపారానికి వాడొచ్చో లేదో షరతుల్లో చూసుకోండి.

పదేళ్ల కిందటి ప్రాజెక్టు తెరిస్తే సింథ్ ట్రాకులన్నీ ఖాళీ. ఇప్పుడేం చేయాలి?

ఆ ప్లగిన్ 32-బిట్‌దో, కంపెనీ ఆపేసినదో అయి ఉంటుంది. పాత కంప్యూటర్ ఇంకా బతికుంటే దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి అందులో తెరిచి ఒక్కో ట్రాక్ బౌన్స్ చేసుకోండి. లేకపోతే మిడి నోట్స్ ఎలాగూ ఉంటాయి, వేరే సింథ్ పెట్టి పాత మిక్స్ పక్కన వింటూ శబ్దాన్ని మళ్లీ కట్టుకోవాలి. నేను ఒక అయ్యప్ప పాట కోసం అలా రెండు రోజులు కూర్చున్నాను. కొత్తది పాతదానికన్నా బాగుంది, కానీ పాడినాయన ఒప్పుకోలేదు, ఆ పాత శబ్దమే కావాలన్నారు. చివరికి పాత మిక్స్‌లో గొంతు లేని నాలుగు సెకన్ల ముక్క దొరికితే దాన్నే కోసి అతికించాను. అప్పటినుంచి ప్రాజెక్టు అయిపోగానే ప్రతి సింథ్ ట్రాక్‌నూ వేవ్ ఫైల్‌గా తీసి, ప్యానెల్‌కు ఒక స్క్రీన్‌షాట్ కొట్టి, అదే ఫోల్డర్‌లో పడేస్తున్నాను.